పాఠం 9: ఇంజిన్ అతిగా వేడెక్కడం – సిలిండరు లోపలి గోడల రక్షణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇంజిన్ అతిగా వేడెక్కినప్పుడు సిలిండరు లోపల ఏ భాగం, ఏ క్రమంలో దెబ్బతింటుందో వివరించగలుగుతారు.
• ఉష్ణ వ్యాకోచం, ఉష్ణ వహనాలకు సంబంధించిన చిన్న లెక్కలు చేయగలుగుతారు.
• శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్లలో దహన గది గోడలను కాపాడే పద్ధతులను పోల్చి చెప్పగలుగుతారు.
• ఒక చిన్న భాగంలోని కొలత తేడా మొత్తం వాహనాన్ని ఎలా కూల్చగలదో ఉదాహరణతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. రెండు వైపులా ఉప్పునీరు, బురద మేటలు, చలికాలంలో వలస పక్షులు. చెట్టు నీడ తక్కువ. చాలా ఏళ్ళ కిందట ఒక మే నెలలో నేను కొందరు విద్యార్థులతో కలిసి అద్దె జీపులో ఆ దారిన వెళుతున్నాను. సగం దూరం పోయేసరికి డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటింది. డ్రైవరు దాన్ని చూశాడు, నేనూ చూశాను. "ఇంకెంత సార్, పది కిలోమీటర్లే కదా, పొయ్యేద్దాం" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

రెండు మూడు కిలోమీటర్లు పోయాక బానెట్ నుంచి ఆవిరి లేచింది. బండి ఆగిపోయింది. అతను కంగారులో బకెట్టుతో సరస్సు నీళ్ళు తెచ్చి కాలిపోతున్న ఇంజిన్ మీద గుమ్మరించాడు. 'టప్' మని ఒక శబ్దం వినిపించింది. సిలిండర్ హెడ్ పగిలిందని తరువాత మెకానిక్ చెప్పాడు. లోపల పిస్టన్ పట్టేసి బోరు నిండా గీతలు పడ్డాయి. ఆ జీపు అతని సొంతం, అప్పు చేసి కొన్నది. దాని మీదే ఇల్లు గడుస్తోంది. ఉష్ణగతిశాస్త్రం బోధించే నేను పక్క సీట్లోనే కూర్చుని ఉన్నాను. "ఆపు నాయనా" అని ఒక్క మాట అని ఉంటే రేడియేటరు గొట్టం మార్చే ఖర్చుతో పోయేది.

ఈ పాఠాన్ని ఆ జీపుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మీలో చాలామంది పగలు వర్క్‌షాపులోనో, ట్రాక్టరు మీదనో, లారీ మీదనో పనిచేసి రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తారని నాకు తెలుసు. ఆ జీపు ఇంజిన్‌కూ, ఆ రోడ్డు చివర నిలబడి ఉండే రాకెట్ ఇంజిన్‌కూ సమస్య ఒక్కటే: లోపలి మంట గోడను కరిగించగలంత వేడిగా ఉంటుంది, అయినా గోడ నిలవాలి.

9.2 పిస్టన్ ఇంజిన్‌లో ఏం జరుగుతుంది?

9.2.1 వేడి లెక్క

ఇంధనం మండినప్పుడు విడుదలయ్యే శక్తిలో స్థూలంగా మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. ఇంకో మూడో వంతు పొగ గొట్టం ద్వారా బయటికి పోతుంది. మిగిలినది సిలిండరు గోడల ద్వారా శీతలీకరణ వ్యవస్థలోకి పోతుంది. దహన క్షణంలో సిలిండరులోని వాయువు ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అల్యూమినియం ద్రవీభవన స్థానం 660 డిగ్రీలు. మరి అల్యూమినియం పిస్టన్ ఎందుకు కరగదు? ఆ గరిష్ఠ ఉష్ణోగ్రత ఉండేది క్షణకాలమే. ఆ తరువాత చల్లని గాలి లోపలికి వస్తుంది. లోహంలోకి చేరిన వేడిని నూనె, నీరు ఎప్పటికప్పుడు తీసుకుపోతుంటాయి. అంటే లోహం బతికి ఉన్నది వేడి తగలక కాదు, తగిలిన వేడి నిలవక. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. పాఠం మొత్తానికి ఇదే ఆధారం.

9.2.2 దెబ్బతినే క్రమం

నీరు తగ్గినా, ఫ్యాన్ బెల్టు తెగినా, థర్మోస్టాట్ మూసుకుపోయినా, రేడియేటరు గొట్టాల్లో మడ్డి పేరుకున్నా వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు నష్టం సాధారణంగా ఈ వరుసలో జరుగుతుంది.

మొదటిది, నీరు మరగడం. రేడియేటరు మూత నీటిని పీడనంలో ఉంచుతుంది. వాతావరణ పీడనానికి మరో అంత పీడనం కలిస్తే నీరు 100 డిగ్రీలకు బదులు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ హద్దు కూడా దాటితే సిలిండర్ హెడ్ చుట్టూ ఆవిరి పొర ఏర్పడుతుంది. బాగా కాలిన దోసె పెనం మీద నీళ్ళు చిలకరించి చూడండి. చుక్క వెంటనే ఆవిరి కాకుండా ముత్యంలా దొర్లుతుంది. చుక్క కింద ఏర్పడిన ఆవిరి పొర వేడిని అడ్డుకోవడమే దీనికి కారణం. ఇంజిన్‌లోనూ ఇదే జరుగుతుంది. ఆవిరి పొర ఏర్పడిన చోట నీరు వేడిని తీసుకోలేదు, లోహం మరింత వేడెక్కుతుంది, ఆవిరి మరింత పెరుగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా వేడెక్కి, ఒక దశ దాటాక ఒక్కసారిగా చెడిపోవడానికి ఇది ముఖ్య కారణం.

రెండవది, నూనె పొర తెగిపోవడం. పిస్టన్ రింగులకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే పలుచని నూనె పొర వేడికి మరీ పలచనై తెగిపోతుంది. లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. దీన్నే మెకానిక్కులు బోరు గీతలు పడటం అంటారు.

మూడవది, పిస్టన్ పట్టేయడం. దీన్ని కింది లెక్కలో చూద్దాం.

నాలుగవది, హెడ్ వంగడం, గ్యాస్కెట్ పోవడం. హెడ్‌లో ఒక చోట వేడి ఎక్కువ, ఒక చోట తక్కువగా ఉంటే వ్యాకోచం సమానంగా ఉండదు. హెడ్ వంగి, గ్యాస్కెట్ దగ్గర సందు ఏర్పడి, నీరు సిలిండరులోకీ నూనెలోకీ చేరుతుంది. నూనె పాల టీ రంగుకు తిరిగితే దానికి అర్థం ఇదే.

9.2.3 ఒక లెక్క

80 మి.మీ. వ్యాసం గల అల్యూమినియం పిస్టన్, పోత ఇనుప సిలిండరులో కదులుతున్నదనుకుందాం. రెండూ మామూలు కంటే 100 డిగ్రీలు అధికంగా వేడెక్కాయి. అల్యూమినియం దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.000023, పోత ఇనుముది సుమారు 0.000011.

పిస్టన్ వ్యాసంలో పెరుగుదల = 80 × 0.000023 × 100 = 0.184 మి.మీ.
సిలిండరు వ్యాసంలో పెరుగుదల = 80 × 0.000011 × 100 = 0.088 మి.మీ.
తేడా = 0.096 మి.మీ.

పిస్టన్‌కూ గోడకూ మధ్య వదిలే సందు ఇంజిన్‌ను బట్టి మారినా సాధారణంగా మి.మీ.లో పదో వంతు కంటే తక్కువ. అంటే ఆ సందు పూర్తిగా పూడిపోతుంది. ఇంజిన్ పట్టేయడం వెనుక ఉన్న లెక్క ఇంతే.

9.2.4 మీరు ఏం చేయాలి?

ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే భారం తగ్గించండి. ఎ.సి. ఆపండి. వీలైనంత త్వరగా బండిని పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తెరవకండి. పీడనం ఒక్కసారిగా తగ్గితే లోపలి నీరంతా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు పోయకండి. పైపొర ఒక్కసారి సంకోచిస్తుంది, లోపలి పొర వ్యాకోచించే ఉంటుంది, పోత లోహం పగులుతుంది. కనీసం అరగంట ఆగి, చల్లారిన తరువాత మాత్రమే కూలెంట్ గానీ మంచినీళ్ళు గానీ పోయండి. ఉప్పునీరు ఎప్పుడూ వద్దు. అది లోహాన్ని తినేస్తుంది, గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది. నీరు ఎందుకు తగ్గిందో కనిపెట్టకుండా, నీళ్ళు నింపి మళ్ళీ బయలుదేరడం వైద్యం కాదు, వాయిదా మాత్రమే.

9.3 రాకెట్ ఇంజిన్: ఆపలేని మంట

శ్రీహరికోటలోని ప్రయోగ కేంద్రం నుంచి తొలి రాకెట్ అయిన రోహిణి-125 ను 1971 అక్టోబర్ 9న ప్రయోగించారు. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు పెట్టారు. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

రాకెట్ ఇంజిన్‌లో పిస్టన్ ఉండదు. ఇంధనం, ఆక్సీకారిణి దహన గదిలో కలిసి నిరంతరంగా మండి, సన్నని కంఠం గుండా నాజిల్‌లోకి దూసుకుపోతాయి. ఉష్ణోగ్రత 3000 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. ఉక్కు దాదాపు 1500 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మోటారు ఇంజిన్‌లో లాగా మధ్యలో చల్లగాలి వచ్చే విరామం ఇక్కడ లేదు. పక్కకు ఆపే వీలూ లేదు. అందుకే రక్షణ అంతా ముందే రూపకల్పనలో ఉండాలి. ప్రధాన పద్ధతులు నాలుగు.

(అ) పొర శీతలీకరణ: గోడ వెంబడి కొంత ఇంధనాన్ని అదనంగా చిమ్ముతారు. అది ఆవిరవుతూ మంటకూ గోడకూ మధ్య పలుచని చల్లని తెరలా నిలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు జర్మన్ వి-2 రాకెట్‌లో ఆల్కహాలును ఇలా వాడారు. ఫ్రాన్సు వైకింగ్ ఇంజిన్ ఆధారంగా ఇస్రో తయారుచేసిన వికాస్ ఇంజిన్‌లోనూ ఈ సూత్రమే ఉంది. వికాస్‌లో మరో విశేషం నీరు. టర్బైనును తిప్పే వాయు జనకంలో పుట్టే వాయువు మరీ వేడిగా ఉంటే టర్బైను రెక్కలు నిలవవు. అందుకని అందులోకి నీటిని చిమ్మి ఉష్ణోగ్రత తగ్గిస్తారు. జీపుకు ఉన్నట్టే ఆ రాకెట్ దశకూ ఒక నీళ్ళ ట్యాంకు ఉంటుంది.

(ఆ) పునర్జనక శీతలీకరణ: ఇంధనాన్ని మండించే ముందు దహన గది గోడలోని సన్నని కాలువల గుండా ప్రవహింపజేస్తారు. అది గోడ వేడిని తీసుకుని, ఆ శక్తితోనే దహన గదిలోకి వెళుతుంది. అన్నం గిన్నెలో నీరున్నంత సేపు అడుగంటదు, నీరింకితేనే మాడుతుంది. ఇక్కడా ప్రవాహం ఉన్నంత సేపే గోడ క్షేమం. ఎల్.వి.ఎం.3 పై దశలోని సి.ఇ.-20 క్రయోజెనిక్ ఇంజిన్‌లో మైనస్ 253 డిగ్రీల దగ్గరి ద్రవ హైడ్రోజన్ ఈ పని చేస్తుంది. వాయు హైడ్రోజన్ విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 14 కిలోజౌళ్ళు, నీటిది 4.2. అంటే హైడ్రోజన్ మంచి ఇంధనమే కాక మంచి శీతలకారి కూడా.

(ఇ) క్షయ రక్షణ: గోడకు పూసిన పదార్థం తానే మాడుతూ, పొరలు పొరలుగా పోతూ వేడిని తనతో తీసుకుపోతుంది. ఘన ఇంధన మోటార్ల నాజిళ్ళలో కార్బన్-ఫినోలిక్ వంటి పదార్థాలు ఇందుకు వాడతారు.

(ఈ) వికిరణ శీతలీకరణ: నాజిల్ చివరి భాగం ఎర్రగా కాలి, వేడిని కాంతి రూపంలో శూన్యంలోకి వెదజల్లుతుంది. అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే పదార్థాలు దీనికి కావాలి. పి.ఎస్.ఎల్.వి. నాలుగో దశ కోసం కార్బన్-కార్బన్ నాజిల్‌ను అభివృద్ధి చేసినట్టు ఇస్రో 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది.

9.4 కరిగే రాగి ఎందుకు మేలు?

ఉక్కు 1500 డిగ్రీల దాకా కరగదు. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది. అయినా పునర్జనక శీతలీకరణ గల దహన గదుల లోపలి గోడకు రాగి మిశ్రమాన్ని ఎంచుకుంటారు. పరీక్షల్లో చాలామంది విద్యార్థులు తడబడే చోటు ఇది. లెక్కతో చూద్దాం.

గోడ చదరపు మీటరు గుండా 20 మెగావాట్ల వేడి పోతున్నదని, గోడ మందం 1 మి.మీ. అని అనుకుందాం. గోడకు రెండు వైపులా ఉండే ఉష్ణోగ్రతల తేడా = ఉష్ణ ప్రవాహం × మందం ÷ ఉష్ణవాహకత.

రాగి మిశ్రమం ఉష్ణవాహకత 350 అనుకుంటే: 2,00,00,000 × 0.001 ÷ 350 = సుమారు 57 డిగ్రీలు.
స్టెయిన్‌లెస్ ఉక్కు ఉష్ణవాహకత 16 అనుకుంటే: 2,00,00,000 × 0.001 ÷ 16 = 1250 డిగ్రీలు.

బయటి వైపు శీతలకారి ఎంత చల్లగా ఉన్నా, ఉక్కు గోడ లోపలి అంచు దానికంటే 1250 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. కరగకపోయినా ఆ ఉష్ణోగ్రతలో ఉక్కుకు బలం ఉండదు. రాగి వేడిని దాచుకోదు, అవతలికి దాటిస్తుంది, అందుకే నిలుస్తుంది. 9.2.1లోని వాక్యం గుర్తు తెచ్చుకోండి.

9.5 ఘన ఇంధన మోటారు: నిజమైన సిలిండరు

ఎల్.వి.ఎం.3 కు ఇరువైపులా ఉండే ఎస్-200 మోటార్లు 3.2 మీటర్ల వ్యాసం గల ఉక్కు సిలిండర్లు. ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. ఈ ఇంధనాన్ని శ్రీహరికోటలోని ఘన ఇంధన కర్మాగారంలోనే కలిపి పోత పోస్తారు. మంట కేంద్రం నుంచి బయటికి వ్యాపిస్తుంది కాబట్టి మండని ఇంధనమే చాలాసేపు గోడకు రక్షణగా ఉంటుంది. దానికి తోడు గోడ లోపల రబ్బరు జాతి ఉష్ణ నిరోధక పొర ఉంటుంది.

ప్రమాదం ఎక్కడంటే, ఇంధనంలో పగులు ఉన్నా, ఇంధనం నిరోధక పొర నుంచి ఊడివచ్చినా మంట ముందుగానే గోడను చేరుతుంది. పైగా పగులు వల్ల మండే వైశాల్యం పెరిగి పీడనం కూడా పెరుగుతుంది. ఘన మోటారును మధ్యలో ఆర్పలేం. అందువల్ల ఎక్స్-కిరణాలు, అతిధ్వనుల వంటి విధానాలతో లోపలి భాగాన్ని పగలగొట్టకుండానే ముందుగా పరీక్షిస్తారు. 1986 జనవరి 28న అమెరికా చాలెంజర్ నౌక కూలిపోయింది. ఘన మోటారు భాగాల మధ్య అతుకులోని రబ్బరు వలయం చలికి బిగుసుకుని సరిగా మూయలేకపోయింది. అక్కడి నుంచి వేడి వాయువు బయటికి తన్నుకొచ్చింది. ఏడుగురు వ్యోమగాములు మరణించారు.

9.6 ఒక పాఠం: జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్02

2006 జూలై 10 సాయంత్రం ఇన్సాట్-4సి ఉపగ్రహంతో జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్02 శ్రీహరికోట నుంచి లేచింది. దానికి నాలుగు పక్కలా వికాస్ ఇంజిన్లు ఉన్న నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్‌లు ఉంటాయి. లేచిన 0.2 సెకన్లకే వాటిలో ఒకదాని చోదక బలం పడిపోయింది. మిగిలిన మూడింటితో వాహనం కొంతసేపు దారి తప్పకుండా నిలదొక్కుకుంది. దాదాపు ధ్వని వేగాన్ని చేరే దశలో వాలు పెరిగి, గాలి ఒత్తిడి హద్దు మీరి, వాహనం ముక్కలైంది. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి.

విచారణ కమిటీ తేల్చిన కారణం గమనించండి. ఆ ఇంజిన్‌లోని ఇంధన ప్రవాహ నియంత్రకం మూసి ఉన్న స్థితిలో కూడా వదలవలసిన దానికంటే చాలా ఎక్కువ ప్రవాహాన్ని వదిలింది. దానితో వాయు జనకం తన రూపకల్పన హద్దులు దాటి పనిచేసి, నిర్మాణపరంగా విఫలమైంది. తయారీలో పొరపాటున దొర్లిన లోపం తరువాతి తనిఖీలలోనూ, అంగీకార పరీక్షలలోనూ బయటపడకపోయి ఉండవచ్చని కమిటీ భావించింది.

ఇక్కడ రూపకల్పన తప్పు కాదు, సూత్రం తప్పు కాదు. మంటను హద్దులో ఉంచే ఒక చిన్న భాగం తన పని చేయలేదు. జీపులో థర్మోస్టాట్, ఇక్కడ నియంత్రకం. తయారీ, తనిఖీ పద్ధతులను కట్టుదిట్టం చేసిన తరువాత 2007 సెప్టెంబర్ 2న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్04 ఇన్సాట్-4సిఆర్ ను కక్ష్యలో పెట్టింది.

9.7 ఆపగలిగే క్షణం

రాకెట్ నేల విడిచాక ఆపలేం. కానీ విడిచే ముందు ఆపవచ్చు. 2001 మార్చి 28న తొలి జి.ఎస్.ఎల్.వి. ప్రయోగంలో స్ట్రాపాన్‌లు వెలిగాక ఒకదానిలో తగినంత బలం రాలేదు. ఎగరడానికి సుమారు ఒక సెకను ముందు కంప్యూటరు ప్రయోగాన్ని ఆపేసింది. లోపం సరిచేసి ఏప్రిల్ 18న ప్రయోగించారు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం జరిపిన టి.వి.-డి1 పరీక్ష కూడా 5 సెకన్ల ముందు ఆగింది. కారణం గుర్తించి అదే రోజు ఉదయం 10 గంటలకు ప్రయోగించారు.

ఆగిన ప్రయోగాన్ని చూసి నిరాశ పడేవాళ్ళు ఉంటారు. ఇంజిన్ల విద్యార్థిగా మీరు దాన్ని మరోలా చూడాలి. ఎర్ర గీత దాటిన ముల్లును చూసి బండిని పక్కకు ఆపడమంటే అదే. గగన్‌యాన్‌లో అదే కేంద్రం నుంచి మనుషులు ఎగరబోతున్నారు. సి.ఇ.-20 ఇంజిన్ మానవ ప్రయాణానికి అర్హత పొందే పరీక్షలు పూర్తయ్యాయని ఇస్రో 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. గోడ నిలుస్తుందా అన్న ప్రశ్న ఇప్పుడు ఉపగ్రహానికి సంబంధించింది మాత్రమే కాదు.

9.8 సారాంశం

ఇంజిన్ గోడలు వేడిని ఎప్పటికప్పుడు వదిలించుకోవడం వల్లనే నిలుస్తాయి. ఆ దారి మూసుకుపోతే నీరు మరిగి ఆవిరి పొర ఏర్పడుతుంది, నూనె పొర తెగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది, హెడ్ వంగుతుంది. రాకెట్లలో పొర, పునర్జనక, క్షయ, వికిరణ పద్ధతులతో గోడలను కాపాడతారు. ద్రవీభవన స్థానం కంటే ఉష్ణవాహకత ముఖ్యమయ్యే సందర్భాలు ఉన్నాయి. చిన్న నియంత్రక భాగంలోని లోపం పెద్ద వైఫల్యానికి దారి తీయగలదు. సూచన కనిపించినప్పుడు ఆపడం కూడా ఇంజినీరింగులో భాగమే.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 9.2.3 లెక్కలో అధిక ఉష్ణోగ్రత 60 డిగ్రీలైతే తేడా ఎంత?
2. 9.4 లెక్కలో రాగి గోడ మందం 2 మి.మీ. అయితే ఉష్ణోగ్రతల తేడా ఎంత?
3. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు ఎందుకు పోయకూడదు?

మాదిరి సమాధానాలు: 1. సుమారు 0.058 మి.మీ. 2. సుమారు 114 డిగ్రీలు. 3. పైపొర ఒక్కసారిగా సంకోచించి, లోపలి పొర వ్యాకోచించి ఉండటం వల్ల లోహం పగులుతుంది.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. పిస్టన్ ఇంజిన్ అతిగా వేడెక్కినప్పుడు సిలిండరు లోపల జరిగే నష్టాన్ని క్రమంగా వివరించండి.
2. రాకెట్ దహన గది రక్షణకు వాడే నాలుగు పద్ధతులను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్02 వైఫల్యం నుంచి ఏం నేర్చుకోవచ్చు?
2. మీరు నడిపే లేదా చూసే ఏదైనా ఒక ఇంజిన్‌లో వేడి బయటికి పోయే దారిని పటం గీసి, ఎక్కడ అడ్డు పడే అవకాశం ఉందో గుర్తించండి.

రెండవ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తి చూసి రాయండి.